వెన్న కోసం వీధికెక్కిన స్త్రీలు: బెర్లిన్, 1915

యుద్ధకాలపు ధరల పెరుగుదలపై శ్రామిక స్త్రీల నిరసనలను చరిత్రకారులు చాలాకాలం ‘ఆకలి అల్లర్లు’ అనే పేరుతో సరిపెట్టారు. కడుపు కాలితే తిరగబడతారు, నిండితే ఊరుకుంటారు అనే భావన ఆ పేరులోనే ఇమిడి ఉంది. మొదటి ప్రపంచయుద్ధకాలపు బెర్లిన్ ఈ భావనకు లొంగదు. బెలిండా డేవిస్ ‘హోమ్ ఫైర్స్ బర్నింగ్’ (2000) గ్రంథంలో పోలీసు నివేదికల ఆధారంగా నిరూపించినట్లు, అక్కడి స్త్రీలు తిండితోపాటు రాజ్యం నుంచి జవాబుదారీని కూడా అడిగారు.

1914 ఆగస్టులో సోషల్ డెమొక్రాటిక్ పార్టీ యుద్ధ రుణాలకు ఓటు వేసింది. కార్మిక సంఘాలు సమ్మెలు మానుకున్నాయి. సభలపై సైనికాధికారుల ఆంక్షలు వచ్చాయి. నిరసనకు అలవాటైన దారులు ఇలా మూసుకుపోగా, మిగిలింది దుకాణం ముందరి బారు. సరుకు కావాలంటే నిలబడక తప్పదు కనుక దానిని నిషేధించడం ఎవరి తరమూ కాదు. బెర్లిన్ వాసులు ఆ బారును వెటకారంగా ‘పొలొనేజ్’ అన్నారు. అది జంటలు వరుసగా నడిచే నృత్యం పేరు. గంటల తరబడి నిలబడిన స్త్రీలకు ఆ బారే వార్తాపత్రిక, అదే చర్చావేదిక. వారి మాటలు నేటికి దక్కడానికి కారణం వాటిని రాసుకున్న పోలీసులే కావడం చరిత్ర రచనలోని ఒక విడ్డూరం.

1915 ఆరంభంలో నగరంలో రొట్టెకు కార్డులు వచ్చాయి. బంగాళాదుంపల దగ్గర మొదలైన ఘర్షణ అక్టోబరుకు వెన్న దాకా వచ్చింది. లిక్టెన్‌బర్గ్ వంటి కార్మికవాడల్లో స్త్రీలు వెన్న దుకాణాలపై విరుచుకుపడ్డారు. వెన్న విలాస వస్తువు కదా అనిపించవచ్చు. మాంసం కొనలేని ఇంట్లో రొట్టెకు రాసే ఆ కొవ్వే పూట భోజనానికి బలం. తెలుగు ఇళ్లలో పచ్చడి మెతుకులకు నూనెచుక్క వంటిది.

పోలీసు నివేదికలు తప్పును తరచుగా వర్తకులపైన, రైతులపైన మోపి స్త్రీల పట్ల సానుభూతి చూపాయి. తొలినాళ్లలో, ప్రభుత్వ భత్యం పొందే సైనికుల భార్యలను లోకం అసూయతో చూసింది. క్రమంగా ‘తక్కువ రాబడి గల స్త్రీ’ అనే పేరు వాడుకకెక్కింది. కార్మికుడి భార్యతోపాటు చిరుద్యోగి భార్య కూడా అందులో ఇమిడింది. జాలికి పాత్రురాలైన స్త్రీ స్థానంలో హక్కు అడిగే స్త్రీని నిలిపింది ఈ పేరే. వెన్నకు గరిష్ఠ ధర వచ్చింది. 1916 మేలో యుద్ధ ఆహార కార్యాలయం ఏర్పడింది. అయితే ధర కట్టడి చేయగానే సరుకు నల్లబజారుకు తరలేది. దాంతో స్త్రీలు ధర దగ్గర ఆగక, పంపిణీ మొత్తాన్ని రాజ్యమే చేపట్టాలన్నారు.

ఈ ఆగ్రహాన్ని పూర్తిగా ఆదర్శీకరించడం సరికాదు. అది చిన్న దుకాణదారులపైకి, కొన్నిసార్లు యూదు ద్వేషంలోకి మళ్లింది. అయినా దానిని రాజకీయం కాదనలేం. ‘టర్నిప్ శీతకాలం’ గడిచాక, 1917 ఏప్రిల్‌లో రొట్టె కోటా తగ్గించినప్పుడు బెర్లిన్ ఆయుధ కర్మాగారాల్లో సమ్మె రేగింది. అందులో స్త్రీలు పెద్దసంఖ్యలో పాల్గొన్నారు. అప్పటికి వారికి ఓటు లేదు. అది 1918 నవంబరులో వచ్చింది.