వంశావళిలో దాగిన భూమి: హెబ్రీ గ్రంథాల నుంచి మనకొక పాఠం

బైబిలు చదివేవాళ్లలో చాలామంది వంశావళి రాగానే పేజీ తిప్పేస్తారు. ఫలానావాడు ఫలానావాడిని కన్నాడు, అతడు మరొకడిని కన్నాడు అంటూ పేర్ల మీద పేర్లు వస్తుంటే విసుగు పుడుతుంది. దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో తొలి తొమ్మిది అధ్యాయాలు దాదాపు అన్నీ పేర్లే. అయితే ఇంటిపేరు, గట్టు, సగ అడగకుండా పెళ్లి మాట ఎత్తని సమాజాల నుంచి వచ్చిన మనకు ఆ పేజీలు పరాయివిగా అనిపించనక్కర్లేదు. రాజులు, కోటలు లేని కాలంలో ఒక జనం తన చరిత్రను ఎలా దాచుకుందో ఆ పేజీలు చెబుతాయి. మతం ఏదైనా, చరిత్ర చదివేవాళ్లంతా తెలుసుకోదగిన సంగతి ఇది.

ప్రాచీన ఇశ్రాయేలు ప్రజల సమాజం మూడు వలయాలుగా ఉండేది. పెద్ద వలయం గోత్రం, దాని లోపల వంశం, ఇంకా లోపల తండ్రి ఇల్లు. తండ్రి ఇల్లు అంటే తాత, కొడుకులు, కోడళ్లు, మనుమలు కలిసి బతికే పెద్ద కుటుంబం. యెహోషువ గ్రంథంలో ఆకాను అనేవాడు తప్పు చేసినప్పుడు దోషిని పట్టుకున్న తీరు చూడండి. మొదట గోత్రాన్ని, తర్వాత వంశాన్ని, తర్వాత ఇంటిని, చివరికి మనిషిని బయటికి పిలిచారు. మనిషి చిరునామా అతని వంశంలోనే ఉండేది.

వంశావళిని హెబ్రీ భాషలో తోలెదోత్ అంటారు. కనడం అనే అర్థమున్న ధాతువు నుంచి ఈ మాట పుట్టింది. ఆదికాండంలో ఒక్కో భాగానికి తలకట్టులా ఇది పదిసార్లకు పైగా వస్తుంది. కథలన్నీ ఈ వంశవృక్షానికి వేలాడుతుంటాయి.

ఈ వరుసలు రెండు రకాలు. ఒకటి తాడులాంటిది: తండ్రి, కొడుకు, మనుమడు అంటూ ఒకే పోగు. అధికారం ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చెప్పడానికి ఇది పనికొస్తుంది. రెండోది చెట్టులాంటిది: ఒక మూలపురుషుడు, అతని కొడుకులంతా, వాళ్ల పిల్లలంతా. ఏ కుటుంబం ఏ కుటుంబానికి ఏమవుతుందో, ఎవరు ఎవరికి దగ్గరో, ఎవరు దూరమో ఇది చెబుతుంది. మన పెద్దలు అన్నదమ్ముల వరుస, బావమరుదుల వరుస అని విడదీసి చెప్పేది ఈ రెండో రకానికి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వంశావళికీ భూమికీ సంబంధం ఏమిటి?

సంఖ్యాకాండం 26వ అధ్యాయంలో గోత్రాలవారీగా, వంశాలవారీగా జనాన్ని లెక్కపెట్టారు. లెక్క పూర్తికాగానే, ఈ పేర్ల ప్రకారమే భూమి పంచాలన్న ఆజ్ఞ వస్తుంది. అంటే ఆ జాబితా వాళ్లకు పట్టాదారు పుస్తకం. ఆ వెంటనే 27వ అధ్యాయంలో మనష్షే గోత్రానికి చెందిన అయిదుగురు అక్కచెల్లెళ్లు పెద్దల ముందు నిలబడతారు. వాళ్ల పేర్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి సెలోపెహాదు కొడుకులు లేకుండా చనిపోయాడు. కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు వంశంలోంచి పోవాలా, మాకూ భూమి ఇవ్వండి అని వాళ్లు అడిగారు. వాళ్ల మాట న్యాయమని తేలి భూమి దక్కింది. తర్వాత 36వ అధ్యాయంలో ఒక షరతు కూడా వచ్చింది: భూమి బయటికి పోకుండా తమ గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలని. హక్కు వచ్చింది, దానితోపాటు కట్టుబాటూ వచ్చింది.

ఇది కథే కదా అని ఎవరైనా అనవచ్చు. 1910లో పాలస్తీనాలోని సమరయ శిథిలాల్లో తవ్వకాలు జరిపినప్పుడు సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి. అవి క్రీస్తుపూర్వం 8వ శతాబ్దానివి. నూనె, ద్రాక్షారసం ఏ ప్రాంతం నుంచి వచ్చాయో రాసుకున్న మామూలు లెక్కలవి. ఆ ప్రాంతాల పేర్లలో అబీయెజెరు, షెమీదా, హెలెకు ఉన్నాయి. నోయా, హొగ్లా కూడా ఉన్నాయి! వంశావళిలో మనష్షే సంతానంగా, సెలోపెహాదు కుమార్తెలుగా చదివిన పేర్లే ఇక్కడ భూమి మీద ప్రాంతాల పేర్లయ్యాయి. ఆ ఆడపిల్లలు నిజంగా ఉన్నారని పెంకులు రుజువు చేయవు. ఆ పేర్లతో నేల ఉండేదని, ఆ నేల మీద పంట పండేదని మాత్రం రుజువు చేస్తాయి. అదే వరుసలో మాకీరు కొడుకుగా గిలాదు కనబడతాడు. గిలాదు యొర్దాను నదికి తూర్పున ఉన్న ఒక కొండసీమ పేరు కూడా. వంశవృక్షంలోనే దేశపటం ఉందన్నమాట.

అందుకే వాళ్లలో పూర్వీకుల భూమిని శాశ్వతంగా అమ్మకూడదనే నియమం ఉండేది. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం యాభయ్యో ఏట భూమి తిరిగి అసలు కుటుంబానికి చేరాలి. ఆ కుటుంబం ఎవరిదో తెలియాలంటే వంశావళి కావాలి. నాబోతు అనే రైతు తన ద్రాక్షతోటను సాక్షాత్తు రాజు అడిగినా, ఇది మా పితరుల స్వాస్థ్యమని ఇవ్వలేదు. ప్రాణం పోగొట్టుకున్నాడు. 1/70 చట్టం ఎందుకు వచ్చిందో తెలిసిన మనకు నాబోతు బాధ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే వంశావళికి ఇంకో ముఖం ఉంది. అది మనుషుల్ని కలుపుతుంది, వెలివేస్తుంది కూడా.

క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో బబులోనువాళ్లు యెరూషలేమును నాశనం చేసి జనాన్ని చెరపట్టుకుపోయారు. తర్వాత పారసీక రాజు కోరెషు వాళ్లను తిరిగి వెళ్లనిచ్చాడు. తిరిగి వచ్చినవాళ్ల జాబితా ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలో ఉంది. అందులో కొందరు తమ తండ్రుల ఇళ్లు ఏవో చూపించలేకపోయారు. హబాయా, హక్కోజు, బర్జిల్లయి కుటుంబాల యాజకులు వంశపు పత్రాల్లో తమ పేర్లు వెతుక్కున్నారు, దొరకలేదు. దాంతో వాళ్లను యాజకత్వం నుంచి తప్పించారు. కాగితం పోతే హక్కు పోయింది. అయితే నెహెమ్యా గ్రంథంలో గోడ కట్టినవాళ్ల మధ్య హక్కోజు వంశస్థుడు మెరేమోతు కనబడతాడు. అతని తండ్రి పేరు ఊరియా. ఎజ్రా 8వ అధ్యాయంలో ఊరియా కొడుకు మెరేమోతు యాజకుడిగా వెండి బంగారాలు తూచి తీసుకుంటాడు. ఇద్దరూ ఒకరే అయితే, ఆ కుటుంబం తన స్థానాన్ని తిరిగి సంపాదించుకున్నట్టే.

ఎజ్రా కాలంలోనే పరజాతి భార్యలను పంపించివేయాలన్న తీర్మానమూ జరిగింది. మోయాబీయులను సమాజంలో చేర్చరాదనే నియమం ద్వితీయోపదేశకాండంలో ఉంది. కానీ అవే గ్రంథాల మధ్య రూతు కథ ఉంది. రూతు మోయాబు స్త్రీ. అత్తను వదలకుండా వచ్చి బోయజును పెళ్లాడింది. ఆ పుస్తకం చివర పెరెసు నుంచి దావీదు వరకు పది తరాల వరుస ఉంటుంది. గొప్ప రాజుగా పేరున్న దావీదుకు ముత్తవ్వ మోయాబు స్త్రీ! యూదా గోత్రపు పెద్దగా పేరుపొందిన కాలేబును కెనజీయుడని కూడా రాశారు. కొడుకులు లేని షేషాను తన కూతుర్ని ఐగుప్తు దాసుడు యర్హాకిచ్చి చేసి, వంశం నిలుపుకున్నాడు. అంటే వాళ్ల చెట్టుకు బయటి కొమ్మలు అంటుకట్టారు, ఆ సంగతి దాచలేదు.

ఈ వరుసలను క్యాలెండరులా చదవకూడదు. ఎజ్రా 7వ అధ్యాయంలో ఉన్న అతని వంశవరుసను దినవృత్తాంతములతో పోల్చితే మధ్యలో ఆరు పేర్లు కనబడవు. చెరనుంచి తిరిగి వచ్చినవాళ్లలో వంశం చూపలేనివారు ఎజ్రాలో 652 మంది, నెహెమ్యాలో 642 మంది. ముఖ్యమైన పేర్లు నిలుస్తాయి, మిగతావి జారిపోతాయి. లోకంలో ఎక్కడైనా అంతే. నైజీరియాలో తివ్ తెగవాళ్ల వంశావళులను బ్రిటిషు అధికారులు రాసుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత చూస్తే తివ్ పెద్దలు చెప్పేది వేరు, కాగితం మీద ఉన్నది వేరు. మీ కాగితమే తప్పని పెద్దలన్నారు. ఈలోగా కుటుంబాల మధ్య సంబంధాలు మారాయి, వాటితో పాటు వరుసా మారింది. నోటిమాట బతికున్న మనుషులతో కలిసి నడుస్తుంది, కాగితం రాసిన రోజు దగ్గరే ఆగిపోతుంది.

మరి మనం ఏం చేయాలి? ఆదిలాబాదు గోండుల వంశగాథలను ప్రధానులు కీక్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతున్నారు. కోయల కథలను డోలీలు చెబుతున్నారు. వినేవాళ్లు తగ్గితే పాడేవాళ్లూ తగ్గుతారు. ఇది గుర్తింపు సమస్యే కాదు, నేల సమస్య కూడా. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమావళి హక్కుకు ఆధారాలుగా పెద్దల వాంగ్మూలాన్ని, పాత రికార్డుల్లో ఉన్న పూర్వీకుల వరకు చూపే వంశవృక్షాన్ని కూడా పేర్కొంది. ముత్తాత పేరు తెలియనివాడు ఈ ఆధారాన్ని చేజేతులా పోగొట్టుకుంటాడు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. సెలవులకు ఇంటికి వెళ్లే ప్రతి విద్యార్థికీ ఈ పని అప్పగించండి: అవ్వ, తాతల దగ్గర కూర్చుని అయిదు తరాల పేర్లు రాసుకురావాలి. ఆడవాళ్ల పేర్లు తప్పకుండా రాయాలి. కోడళ్లు ఏ ఊరినుంచి వచ్చారో, ఏ చేనుకు, ఏ వాగుకు ఎవరి పేరుందో రాయాలి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. ఒకటి కొట్టేయకూడదు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కింద రాయాలి.

రాసేటప్పుడు హక్కోజు కుటుంబాన్నీ, రూతునూ మరిచిపోవద్దు. మన జాబితా మన నేలను కాపాడాలి. దానిలో పేరు దొరకలేదని మన మధ్యే బతుకుతున్న మనిషిని బయటికి నెట్టే కర్ర కాకూడదు.