మూలంలో లేని మాట

కంప్యూటర్ యంత్రానికి తెలిసినవి 0, 1 అనే రెండంకెలు మాత్రమే. మానవుడు తనకు అనువైన భాషలో వ్రాసిన ఆదేశాలను ఆ అంకెలలోకి మార్చి యంత్రానికి అందించే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. ఒక విధంగా అది దుబాసీ. దుబాసీ తన సొంత మాటను చాటుగా కలిపితే కనిపెట్టేదెలా? కంప్యూటర్ శాస్త్ర చరిత్రలో ఈ ప్రశ్నకు ఒక విశిష్టమైన స్థానం ఉన్నది.

అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో 1969లో యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారం చుట్టిన కెన్ థాంప్సన్, సి భాషను సృష్టించిన డెన్నిస్ రిచీ 1983 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారాన్ని కలసి అందుకున్నారు. ఆ సందర్భంలో థాంప్సన్ చేసిన ప్రసంగం 1984 ఆగస్టులో ప్రచురితమైనది. అందులో ఆయన తన విజయాలను వర్ణించుకొనలేదు. కంపైలరులో రహస్యాన్ని దాచే ఉపాయాన్ని వివరించాడు.

సి కంపైలరును సి భాషలోనే వ్రాయవచ్చు. పాత కంపైలరే కొత్తదానిని అనువదిస్తుంది. నిలువు ట్యాబ్ అనే గుర్తుకు విలువ 11 అని దానికి ఒక్కసారి నేర్పితే చాలు. ఆపై మూల ప్రోగ్రాములో 11ను తొలగించి గుర్తును మాత్రమే వ్రాసినా, కంపైలర్ ఆ అర్థాన్ని తన తరువాతి తరానికి అందిస్తూనే ఉంటుంది. గ్రంథంలో లేకపోయినా గురుముఖతః శిష్యులకు సంక్రమించే విద్య వంటిదిది.

ఈ గుణాన్నే థాంప్సన్ కపటానికి ప్రయోగించి చూపాడు. ఆయన మార్చిన కంపైలర్, వాడుకరుల ప్రవేశాన్ని పరీక్షించే ప్రోగ్రామును అనువదించేటప్పుడు ఒక రహస్య సంకేతపదాన్ని కూడా అంగీకరించేటట్లు దానిని మార్చివేస్తుంది. కంపైలరునే అనువదించవలసి వచ్చినప్పుడు ఈ కపటమంతటినీ కొత్త కంపైలరులో చేరుస్తుంది. పిమ్మట మూలంలో ఆ పంక్తులను తుడిచివేసినా కపటం నిలిచే ఉంటుంది. మూలాన్ని అక్షరమక్షరం చదివినవానికి ఏ దోషమూ కనబడదు.

ఈ ఆలోచనకు బీజం 1974లోనే పడినది. అమెరికా వైమానిక దళం కొరకు మల్టిక్స్ వ్యవస్థ భద్రతను పరీక్షించిన పాల్ కార్గర్, రోజర్ షెల్ ఇటువంటి ప్రమాదాన్ని ఆనాడే సూచించారు. 2015లో అది వేరొక రూపంలో ఎదురైనది. ఐఫోన్ యాప్‌లను తయారుచేసే ఎక్స్‌కోడ్ ఉపకరణపు కల్తీ ప్రతులు చైనాలో వ్యాపించగా, వాటితో రూపొందిన యాప్‌లలో తయారీదారులకే తెలియకుండా హానికరమైన భాగాలు చేరాయి.

విరుగుడు లేకపోలేదు. డేవిడ్ వీలర్ 2009 నాటి తన పరిశోధన గ్రంథంలో ఒక పద్ధతిని నిరూపించాడు. అనుమానిత కంపైలర్ మూలాన్ని వేరొక స్వతంత్ర కంపైలరుతో అనువదించాలి. ఆ ఫలితంతో అదే మూలాన్ని మరల అనువదించి, వచ్చినదానిని అనుమానిత ప్రతితో అంకెకు అంకె సరిపోల్చాలి. తేడా ఉంటే విచారణ అవసరం.

తాను స్వయంగా వ్రాయని ప్రోగ్రామును సంపూర్ణంగా విశ్వసించరాదన్నది థాంప్సన్ చెప్పిన నీతి. అయితే సమస్తమూ స్వయంగా వ్రాసుకొనడం ఎవరికీ సాధ్యం కాదు. కనుక ప్రోగ్రాము శుద్ధి చివరకు దానిని నిర్మించినవారి శీలం మీద, పరీక్షించేవారి శ్రద్ధ మీద ఆధారపడుతుంది. కంప్యూటర్ విద్యను అభ్యసించే నేటి బాలబాలికలకు భాషాసూత్రాలతో పాటు ఈ రెండూ అలవడినప్పుడే ఆ విద్య సార్థకమవుతుంది.