నోరులేని జీవికి నడిరేయి వైద్యం

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త తీరిగ్గా కూర్చునివుంటారు కదూ! ఈవేళ మీకో చిన్న చరిత్ర చెబుతాను. రాజులదీ, యుద్ధాలదీ కాదు. మన గుమ్మంలో పడుకునే కుక్కదీ, పాలగిన్నె చుట్టూ తిరిగే పిల్లిదీ.

మా పుట్టిల్లు ఖమ్మం జిల్లా పెనుబల్లి. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే దారిలో వుంటుంది. ఓ వైపు లంకాసాగర్ నీళ్ళు, వరిచేలు. ఇంకో వైపు భద్రాచలం దిక్కుగా సాగిపోయే అడవులు. అడవి దగ్గరైతే పాములూ దగ్గరే కదా. నా చిన్నతనంలో మా కుక్క రాజుగాణ్ణి ఓ వానాకాలం రాత్రి దొడ్లో పాము కరిచింది. ముందుకాలు బాన అంత వాచిపోయింది. మా అమ్మ కొంగు మీద తల పెట్టుకుని మూలుగుతోంది. ఎవరో వచ్చి కాలికి తాడు బిగించారు, ఎవరో పసుపు పూశారు. డాక్టరు కోసం పరిగెడదామంటే, "గేదె అయితే వేరే మాట, కుక్కే కదమ్మా, తెల్లారనివ్వు" అన్నారు. తెల్లారేదాకా అది బతకలేదు.

"కుక్కే కదమ్మా" అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదండీ. ఆ మాట వెనక ఎంత చరిత్ర వుందో పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు.

పశువుకు వైద్యం చేయించాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటివి. మనుషులకూ పశువులకూ కూడా వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు నాటించాననీ ఆయన చెప్పుకున్న శాసనం అక్కడి బండల మీద వుంది. మన తెలుగునేల మీదే చూడండి!

అయితే ఈనాటి పశువైద్య విద్య మొదలైంది మాత్రం కుక్కల కోసం కాదు. 1761లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో క్లోడ్ బూర్జెలా మొదటి పశువైద్య కళాశాల పెట్టినప్పుడు ఆలోచన అంతా గుర్రాల మీదా, పశువుల మంద మీదా వుండేది. మన దేశంలోనూ అంతే. 1889లో పుణేలో ప్రయోగశాల పెట్టినా, 1903లో మదరాసులో పశువైద్య కళాశాల వచ్చినా, ముందు చూసింది ఎద్దునూ, గేదెనూ, గుర్రాన్నీ. ముసర వ్యాధి వచ్చిందంటే ఊళ్ళకు ఊళ్ళలో దొడ్లు ఖాళీ అయ్యే రోజులవి. ఎద్దు పోతే సేద్యం పోతుంది, గేదె పోతే పిల్లల పాలు పోతాయి. ఆ వ్యాధి ప్రపంచం నుంచే తొలగిపోయిందని 2011లో ప్రకటించారు. అది చిన్న విజయమా చెప్పండి?

మరి కుక్క మాట డాక్టర్లకు ఎలా పట్టింది? ముందు ప్రేమతో కాదు, భయంతో. 1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి టీకా వేసి కాపాడారు. మన దక్షిణాదివాళ్ళకు ఆ వైద్యం అందించడానికి 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిసింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అంటే మనవాళ్ళు ఇప్పటికీ ఉలిక్కిపడతారు! ఆ పాతరకం మందు తయారీని మన దేశంలో 2004 చివరికి మానేశారు. ఇప్పుడు సూదులు చేతికే వేస్తారు, వాటి సంఖ్యా తక్కువే.

ప్రేమ వైపు నుంచి వచ్చిన వాళ్ళలో ఆడవాళ్ళను మరువకూడదు. ఐర్లండులో పుట్టిన ఎలీన్ కస్ట్ 1900 నాటికే పశువైద్యం చదువు పూర్తిచేసినా, ఆడదని డిగ్రీ ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ళు ఆగి 1922లో అందుకున్నారు. మన నాట్యమూర్తి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో మూగజీవాల పక్షాన పట్టుబట్టారు. దాని ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. కుక్కను చూసుకోవడం దయ మాత్రమే కాదు, యజమాని బాధ్యత అని చట్టం చెప్పింది అప్పుడే.

ఫోను చేస్తే వైద్యం ఇంటిముందుకు వచ్చే రోజు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సంచార పశువైద్య వాహనాలు బయలుదేరాయి. నంబరు 1962. ఇవి కూడా ముఖ్యంగా పాడిపశువుల కోసమేనండీ. అందుకని మీ ఊళ్ళో అవి ఏ వేళల్లో వస్తాయో, కుక్కకూ పిల్లికీ రాత్రిపూట ఎవరు చూస్తారో ఆపద రాకముందే కనుక్కుని, ఆ నంబర్లు క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి.

ఇక ఆ గంటలో మన చేతిలో వున్నవి చెబుతాను. పాము కరిస్తే తాడు బిగించకండి, కోయకండి, కదలనివ్వకుండా ఎత్తుకుని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నొప్పిలో వున్న కుక్క మనవాళ్ళనైనా కరుస్తుంది, అందుకని జాగ్రత్తగా పట్టుకోండి. ఎండదెబ్బ తగిలితే నీడకు చేర్చి మామూలు నీళ్ళతో తడిపి విసరండి. మన జ్వరం మాత్రలు వేయకండి. పారాసిటమాల్ పిల్లికి విషం. చాక్లెట్టు, ఉల్లిపాయ కుక్కకు పనికిరావు. కుక్క మనుషుల్ని కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడిగి, అదేరోజు ఆస్పత్రికి వెళ్ళండి. కారం, సున్నం పూయకండి. కుక్కపిల్లకు మూడో నెలలో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించడం మొదలుపెట్టి, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా వేయిస్తే సగం భయం తీరిపోతుంది.

ఆ రాత్రి మా రాజుగాడు మమ్మల్ని అడిగింది ఒక్కటే, వాడి దగ్గర ఎవరైనా వుండాలని. మా అమ్మ వుంది. వైద్యం మాత్రం లేదు. ఈవేళ మీకు అది ఒక ఫోను దూరంలో వుంది. "కుక్కే కదా" అన్న మాట మీ ఇంట వినిపించకపోతే, ఈ నాలుగు మాటలు చెప్పినందుకు నాకు తృప్తి. సెలవు.