హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్: పిల్లలతో కలిసి చూడవలసిన సినిమా

పిల్లలకి ఏ సినిమా చూపించాలన్న మాట మనవాళ్ళు నలుగురు కలిసినచోట తప్పకుండా వస్తుంది. నన్నడిగితే మొదట చెప్పే పేరు 2010 మార్చిలో విడుదలైన "హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్". అప్పుడు నేను ఎమ్మెస్ విద్యార్థిని. త్రీడీ కళ్ళజోడు పెట్టుకుని, ఆకాశంలో ఎగిరే దృశ్యాలు చూసి మురిసిపోయి వచ్చేశాను. ఈమధ్య మా ఆరేళ్ళ అమ్మాయితో కలిసి చూస్తే మాత్రం అది వేరే సినిమాలా అనిపించింది.

కథ

బెర్క్ అనే ద్వీపంలో వైకింగులు ఉంటారు. డ్రాగన్లు వచ్చి వాళ్ళ గొర్రెల్ని ఎత్తుకుపోతుంటాయి. డ్రాగన్ని చంపినవాళ్ళకే ఊళ్ళో విలువ. ఊరిపెద్ద స్టోయిక్ కొడుకు హికప్ బక్కపలచని కుర్రాడు, కమ్మరి కొలిమిలో సాయం చేస్తుంటాడు. ఒక రాత్రి సొంతంగా తయారుచేసిన యంత్రంతో, అంతవరకు ఎవరి చేతికీ చిక్కని నైట్ ఫ్యూరీ అనే నల్లటి డ్రాగన్ని కూల్చేస్తాడు. అడవిలో దాన్ని వెతికి పట్టుకుంటాడు కానీ, ఎత్తిన కత్తి దించలేక కట్లు కోసి వదిలేస్తాడు. అయినా అది ఎగిరిపోలేదు. దాని తోక చివర ఎడమవైపు రెక్క పోయింది. హికప్ తన పుస్తకంలో గీసుకున్న బొమ్మలో ఆ రెక్కని వేలితో చెరిపేస్తాడు. పోగొట్టింది తనే అని మనకి వేరే చెప్పనక్కరలేదు.

"తోక మళ్ళీ మొలవదా నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. మొలవదు. ఈ సినిమాలో నాకు నచ్చిన మొదటి విషయం అదే.

మాటలు లేని చెలిమి

చాలా యానిమేషన్ చిత్రాల్లో జంతువులు గలగలా మాట్లాడతాయి. ఇక్కడ డ్రాగన్ మాట్లాడదు. పళ్ళు లోపలికి ముడుచుకుని బోసినోరులా కనిపిస్తుంది కనుక దానికి టూత్‌లెస్ అని పేరు. చేపలతో, నేల మీద గీసిన గీతలతో, జాన్ పవెల్ సంగీతంతో స్నేహం కుదురుతుంది. చివరికి హికప్ మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి చాపుతాడు. ముట్టుకోవాలో వద్దో డ్రాగన్ ఇష్టానికే వదిలేస్తాడు.

తరవాత జరిగేది ఇంజనీర్లకి బాగా తెలిసిన పని. కొలిమిలో తోలు, ఇనుము కలిపి కృత్రిమ రెక్క చేస్తాడు. మొదటిసారి తనే తోక పట్టుకుని వేలాడతాడు. తరవాత జీను, తాడు, ఆపైన కాలితో నొక్కే పెడల్. రెక్క ఎప్పుడు ఎటు తిప్పాలో కాగితం మీద రాసుకుంటాడు. అసలు సమయంలో ఆ కాగితం గాలికి ఎగిరిపోతుంది. ఇక డ్రాగన్ కదలికని బట్టి ఎగరవలసిందే.

తెర వెనుక

ఈ చిత్రానికి ఆధారం బ్రిటిష్ రచయిత్రి క్రెసిడా కావెల్ 2003లో మొదలుపెట్టి 2015లో ముగించిన 12 పుస్తకాలు. పుస్తకంలో టూత్‌లెస్ చిన్న డ్రాగన్, హికప్‌కి డ్రాగన్ల భాష వచ్చు. సినిమా రెండింటినీ మార్చింది. దర్శకులు క్రిస్ శాండర్స్, డీన్ డిబ్లువా 2002లో "లీలో అండ్ స్టిచ్" తీసినవారే. ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ దృశ్య సలహాదారు. రాత్రి దృశ్యాల్లో కాగడాల వెలుగు గమనించండి. డ్రీమ్‌వర్క్స్ తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా సుమారు 49 కోట్ల డాలర్లు వసూలు చేసింది, 10 యానీ అవార్డులు గెలుచుకుంది. ఆస్కార్‌కి రెండు విభాగాల్లో పోటీపడినా గెలవలేదు.

తల్లిదండ్రులకి

98 నిమిషాల సినిమా. పతాక సన్నివేశంలో వచ్చే కొండంత డ్రాగన్ చిన్నపిల్లల్ని భయపెట్టవచ్చు. ముగింపు తెలియకూడదనుకుంటే ఈ పేరా వదిలేయండి: హికప్ ఎడమకాలు పోతుంది. నిద్రలేచి కృత్రిమ కాలితో మొదటి అడుగు వేయబోయి తూలితే టూత్‌లెస్ పట్టుకుంటుంది. "ఇద్దరికీ ఎడమవైపే పోయింది" అని మా అమ్మాయే కనిపెట్టింది.

నన్ను కదిలించింది మాత్రం తండ్రీకొడుకుల సన్నివేశం. డ్రాగన్లతో పోరాడటం ఇష్టం లేదని కొడుకు చెప్పబోతుంటే, స్టోయిక్ వినిపించుకోకుండా చేతిలో గొడ్డలి పెడతాడు. మన ఇళ్ళల్లో గొడ్డలి బదులు స్పెల్లింగ్ బీ పుస్తకం ఉంటుంది, అంతే తేడా. లెక్కల క్లాసుకి వెళ్ళనని మా అమ్మాయి రెండు వారాలుగా అంటూనే ఉంది. "అలవాటైపోతుందిలే" అంటూ నేను కారెక్కిస్తున్నాను. ఆ సన్నివేశం దగ్గర సినిమా ఆపి, ఎందుకు వెళ్ళనంటున్నావని మొదటిసారి అడిగాను. టీచరు తన పేరు తప్పుగా పిలిస్తే తక్కిన పిల్లలు నవ్వుతున్నారట.

2014, 2019లలో తరవాతి భాగాలు వచ్చాయి. రెండో భాగంలో ఒక ముఖ్యమైన మరణం ఉంది, ముందే చెప్పి చూపించండి. 2025 జూన్‌లో డిబ్లువాయే దీన్ని నటీనటులతో మళ్ళీ తీశారు. జెరార్డ్ బట్లర్ యానిమేషన్‌లో స్టోయిక్‌కి గొంతు ఇచ్చారు, ఇందులో ఆ పాత్ర ఆయనే వేశారు. అయినా మొదట 2010 నాటిదే చూపించండి. పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్ళిపోకుండా, మీరూ పక్కన కూర్చోండి.