కుర్చీ అడుగున ఒక్క పేరే

18వ శతాబ్దపు ఫ్రెంచి కుర్చీని కొనదలచినవాడు ముందు దాన్ని బోర్లా తిప్పి చూస్తాడు. బంగారు పూత, పట్టుగుడ్డ, వీపు చట్రం మీద విరగబూసిన పూలు, అన్నీ ఆ తర్వాతే. కూర్చునే చట్రం అడుగున ఇనుప అచ్చు పెట్టి సుత్తితో కొట్టిన పేరు ఉందా? ఉంటే ఎవరిది? ధర సగం తేలేది అక్కడే.

పారిస్ వడ్రంగుల సంఘం ఈ ముద్ర నిబంధనను 1743లో రాసుకుంది. అమల్లోకి వచ్చింది 1751లో. సంఘంలో మేస్త్రీగా నమోదైనవాడు తాను చేసి అమ్మే సామాను మీద తన పేరు కొట్టి తీరాలి. రాజు కొలువులో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉండేది కనుక, పేరు లేనివన్నీ నాసిరకం అనుకోనక్కర్లేదు. అసలు చిక్కు వేరే ఉంది. అడుగున ఉన్న పేరు వడ్రంగిది. మనం నోరు తెరుచుకుని చూసే నగిషీ చాలాసార్లు అతను చెక్కింది కాదు.

ఒక్క కుర్చీ నలుగురి చేతులు మారేది. వడ్రంగి బీచ్ కలపనో వాల్‌నట్‌నో కోసి, చిత్రిక పట్టి, కుసులు, బెజ్జాలు కుదిర్చి చట్రం తయారుచేస్తాడు. పూలు రావలసిన చోట కలప కాస్త ఎక్కువగా వదిలేస్తాడు. నగిషీ చెక్కేవాళ్లది వేరే సంఘం, చిత్రకారులతో శిల్పులతో కలిసినది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెడితే సంఘాలు ఊరుకునేవి కావు.

చెక్కిన చట్రం పూతపనివాడి దగ్గరికి వెళ్లేది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించే దశ ఇదే. కుందేలు తోలు ఉడికించి తీసిన జిగురులో సుద్ద కలిపి, పూత మీద పూత, పదీ పన్నెండు దాకా వేస్తాడు. దాంతో అంత కష్టపడి చెక్కిన ఆకుల ఈనెలన్నీ పూడిపోతాయి. అప్పుడు సన్నటి కొక్కెం ఉలులు పట్టి, ఆరిన సుద్దలోనే వాటిని మళ్లీ గీస్తాడు. ఆపైన ఎర్రమట్టి పూత, తడి, ఊపిరి తగిలితే ఎగిరిపోయే బంగారు రేకు, చివరికి అగేట్ రాయితో మెరుగు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి సామాను చూసినవాళ్లు ఈసారి వెళితే ఇది గుర్తుపెట్టుకోండి: పూతవేసిన కుర్చీ మీద కనిపించే సన్నటి గీతల్లో చాలావరకు కలపలో ఉండవు, సుద్దలో ఉంటాయి. ఆఖరున గుడ్డ బిగించేవాడు వచ్చేవాడు. ఖర్చులో పెద్ద వాటా తరచు అతని పద్దులోనే పడేది.

వడ్రంగానికీ నగిషీకీ మధ్య సంఘాలు కట్టిన ఈ గోడ దాటినవాళ్లు అరుదు. నికోలా ఊర్తో (1720–1771) ముందు నగిషీ పనిలో మేస్త్రీ. ఏళ్ల తరబడి పక్కవాళ్ల కుర్చీలకు చెక్కి చెక్కి, 1750ల్లో వడ్రంగుల సంఘంలోనూ చేరాడు. చట్రం తనదే, చెక్కడమూ తనదే. అందుకేనేమో, అతని కుర్చీల్లో పూలు చట్రానికి అతికించినట్టు కాక, అందులోంచే మొలిచినట్టుంటాయి. కీర్తిలో మాత్రం జార్జ్ జాకబ్‌దే పైచేయి. బర్గండీలోని పల్లెటూరి నుంచి వచ్చి 1765లో మేస్త్రీ అయ్యాడు. 1787లో రాంబుయే పాలమందిరానికి, రాణి మేరీ ఆంటోనెట్ కోసం మహాగని కుర్చీలు చేశాడు. ఆ రాణిని గిలెటిన్ ఎక్కించిన ప్రభుత్వపు సభకూ సామాను చేసింది ఆయనే. చిత్రకారుడు దావీద్ అండ అక్కరకొచ్చింది.

విప్లవం 1791లో వృత్తి సంఘాలను రద్దు చేసింది. 1793 ఆగస్టులో వెర్సాయ్ ప్యాలెస్ సామాను వేలానికి పెట్టారు. ఏడాదిపాటు, 17,000కు పైగా లాట్లు. ఒకే గదికి చేసిన కుర్చీలు దిక్కుకొకటిగా పోయాయి. పాత పద్దుల్లో లెక్క ఉంటుంది, కుర్చీ ఉండదు. రెండు శతాబ్దాల తర్వాత ఆ ఖాళీలే కొందరికి పెట్టుబడి అయ్యాయి.

18వ శతాబ్దపు కుర్చీల మీద ప్రామాణిక గ్రంథం రాసిన బిల్ పాలో, నగిషీ పనిలో పేరుమోసిన బ్రూనో డెనూ కలిసి 2000ల చివర్లో 'రాజుల నాటి' కుర్చీలు తయారుచేయడం మొదలుపెట్టారు. కొన్నిటిని వెర్సాయ్ మ్యూజియమే కొంది. రాణివనుకున్న ఒక జతను ఫ్రాన్స్ ప్రభుత్వం 2013లో జాతీయ సంపదగా ప్రకటించింది. చట్రం తీరు, ముద్ర, పద్దుల లెక్క, ఏదీ అనుమానించేలా లేదు. పాలో దగ్గర చదువుకున్న ఒక వ్యాపారికి మాత్రం కలప మెరుపు తేడాగా తోచింది. కలపకు పాతదనం రావడానికి డెనూ అతిమధురం కరిగించి పూస్తాడని అతనికి తెలుసు. వంగి కుర్చీని నాలుకతో నాకి చూశాడు. అతిమధురమే. 2016లో అరెస్టులు జరిగాయి. 2025 జూన్‌లో పాంత్వాజ్ కోర్టు పాలో, డెనూ ఇద్దరినీ దోషులుగా తేల్చింది. తీర్పులో పండితుడి పేరు పక్కనే ఈసారి చెక్కినవాడి పేరూ ఉంది.