మంచు పొరల్లో చరిత్ర

తెలుగులో మనం ‘మంచు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. పుష్యమాసపు వేకువన పొలం గట్లను కమ్మేదీ మంచే, హిమాలయ శిఖరాలపై పేరుకున్నదీ మంచే. మన నేల మీద దానివల్ల ఊళ్ళు పోలేదు కనుక అంతకుమించి విడమరచి చెప్పుకోవలసిన అవసరం కలగలేదు. ఆల్ప్స్ పర్వతవాసులకు అలా కుదరలేదు. ఇంటి వెనుక వాలు మీద పేరుకున్న మంచు ఏ రాత్రి విరిగిపడుతుందో వారు తెలుసుకొని తీరాలి.

ఆ తెలుసుకోవడం ఎలా సాగిందన్నదే నాకు ఆసక్తి కలిగించిన చరిత్ర. స్విట్జర్లాండు అటవీ అధికారి యోహాన్ కోఆజ్ 1881లో తన దేశపు మంచుచరియల గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. ఊరి పైనున్న అడవి మంచును పట్టి ఉంచుతుందనీ, దాన్ని నరికితే ఊరికే చేటనీ అటవీ అధికారులు గ్రహించిన కాలమది.

1936లో దావోస్ పట్టణం పైన, వైస్‌ఫ్లూయోక్ వద్ద, సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఒక చిన్న ప్రయోగశాల వెలసింది. అక్కడి శాస్త్రజ్ఞులు మంచును నిలువుగా కోసి చూశారు. కురిసిన ప్రతిసారీ ఒక పొర. నేలను ఆనుకున్న మంచు దాదాపు 0 డిగ్రీల వద్ద ఉంటుంది, పైన గాలి అతి చల్లన. పొర పలుచనైతే ఈ తేడా వల్ల ఆవిరి పైకి పాకి, అడుగు రేణువులు పట్టు వదిలి పంచదార పలుకుల్లా మారతాయి. దానిపై తరువాతి తుపాను బరువైన మంచును పరుస్తుంది. ఇక వాలు 30 డిగ్రీలు దాటితే ఒక్క మనిషి బరువుకే ఆ పలక మొత్తం విరిగి జారవచ్చు.

1942లో అది పూర్తిస్థాయి సంస్థ అయింది. అయినా 1950-51 శీతకాలంలో స్విట్జర్లాండులో 90 మందికి పైగా, ఆస్ట్రియాలో 100 మందికి పైగా మరణించారు. ఆ తరువాతనే వాలుల మీద అడ్డుకట్టలు, ప్రమాదపటాలు విస్తరించాయి. 1999 ఫిబ్రవరిలో అంతటి మంచే కురిసినప్పుడు స్విట్జర్లాండులో మృతులు 17 మంది. ఆస్ట్రియాలో మాత్రం గాల్ట్యూర్, వాల్‌ట్సూర్ పల్లెలలో 38 మంది పోయారు.

ఇప్పుడు ఊళ్ళు చాలావరకు భద్రం. ప్రాణాలు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా జనసంచారం లేని వాలులకు స్కీలతో వెళ్ళే విహారులు. వారిలో పదింట తొమ్మిదిమంది విషయంలో చరియను కదిలించినది తామో, తమ తోటివారో. ప్రమాదస్థాయి ఎంతో ప్రతిరోజూ ప్రకటిస్తూనే ఉంటారు. చదివి ఆగిపోయే వీలు వారికి ఉంది.

ఆ వీలు లేనివారూ ఉన్నారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మద్రాస్ రెజిమెంటుకు చెందిన 10 మంది సైనికులను మంచు కప్పేసింది. చివరకు ఒక్కరూ దక్కలేదు. వారిలో మన కర్నూలు జిల్లావాడూ ఉన్నాడు. మంచు శాస్త్రం మనకెందుకని ఎవరైనా అడిగితే నాకు తోచే జవాబు అతడే.