డప్పు ఎవరు కొట్టాలి?

మా విద్యార్థి సంఘం ఆశయ పత్రం ఒకే ఒక ఠావు కాగితం. దాన్ని రెండుసార్లు రాశాం. మొదటిసారి 1991 ఆగస్టులో, ఒక్క రాత్రిలో రాసేశాం. రెండోసారి 1994లో రాయడానికి పదకొండు రోజులు పట్టింది. మొదటిది రాసింది ముగ్గురం. ముగ్గురం మాలలమే. ఆ సంగతి అప్పుడు మాకు తట్టనే లేదు. తట్టకపోవడమే ఈ కథ.

నాది గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లె. అమ్మానాన్నలు కూలికి పోతే మేం హాస్టళ్ళలో పెరిగాం. నీళ్ళచారూ, పురుగులన్నం, రాని స్కాలర్‌షిప్పు, 'మీకేంరా, గవర్నమెంటు అల్లుళ్ళు' అనే ఎకసెక్కం - ఇవన్నీ హాస్టల్లో చదివిన ప్రతివాడికీ తెలిసినవే. 1990లో మండల్ గొడవ వచ్చినప్పుడు క్లాసులో మా బెంచీ పక్కన కూచోవడం మానేసినవాళ్ళున్నారు. అయినా సంఘం పెట్టుకోవాలని మాకు తోచలేదు. చుండూరు తోపించింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు నెల ముందు సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైన తగువు అది. ఆ కాలు చదువుకున్న దళిత కుర్రాడిది. పేపరు చదువుతున్నవాడు మధ్యలో ఆపేశాడు. ఆ రాత్రి మెస్సులో చాలామంది అన్నం తినలేదు. 'ఏడిస్తే ఏమొస్తదిరా, సంఘం కడదాం' అన్నాడొక సీనియరు.

ముందు పేరు దగ్గరే గొడవ. 'హరిజన' అన్నవాణ్ణి కసిరాం. 'ఎస్సీ' అంటే ఆఫీసు ఫైలు మాట అన్నారు. చివరికి అంబేద్కర్ పేరు పెట్టుకున్నాం. పేరు దగ్గర పెనుగులాట మాతో మొదలైంది కాదని తర్వాత తెలిసింది. 1917లో బెజవాడలో పంచముల పేరుతో పిలిచిన సభ, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని లేచింది. పరాయివాడు పెట్టిన పేరుని వదిలించుకోవడమే మనవాళ్ళు రాసుకున్న మొదటి ఆశయం.

కాగితం మీద నాలుగు వాక్యాలు రాశాం. మెస్సు బాగుపడాలి, స్కాలర్‌షిప్పులు వేళకి రావాలి. దళితుల మీద దాడి ఎక్కడ జరిగినా కదలాలి. ప్రతి ఆదివారం అంబేద్కర్‌ని చదవాలి. నాలుగోది నేనే రాశాను: 'మనలో మాల మాదిగ భేదం లేదు, అందరం ఒక్కటే.' రాసి మురిసిపోయాను కూడా.

పనులు జరిగాయి. కాదనను. మెస్సు మీద ధర్నా చేశాం, కందిపప్పు కనపడింది. అంబేద్కర్ 1924లో బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు దాని ఆశయాల్లో హాస్టళ్ళు పెట్టడం, లైబ్రరీలు నడపడం ఉన్నాయి. మరుసటేడు షోలాపూర్లో హాస్టల్ తెరిచారు. అది చదివిన రోజున మా సాంబారు కొట్లాట చిన్నది కాదని మాకు ధైర్యమొచ్చింది.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. కొద్దిరోజులకే ఆ జిల్లా తమ్ముడొకడు మెస్సు రిజిస్టర్లో తన పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నాడు. సీనియర్లు మండిపడ్డారు. బుద్ధి చెప్పమని నన్ను పంపారు.

'కులం తోక తగిలించుకునేది అగ్రకులాలు గదా తమ్ముడూ' అన్నాను.

'వాళ్ళు తగిలించుకుంటే గౌరవం. ఊళ్ళో పిలిస్తే తిట్టు. నేనే పెట్టుకుంటే ఏమవుద్దో చూద్దామన్నా' అన్నాడు.

'సంఘాన్ని చీలుస్తావా?' అన్నాను.

వాడు గొంతు పెంచలేదు. 'మూడేళ్ళు ఏప్రిల్ 14 చేశాం. అధ్యక్షుడెవరు? మీరే. ఉపన్యాసం? మీరే. డప్పు ఎవరు కొట్టారన్నా?'

నాకు నోరు పెగల్లేదు. ప్రతి జయంతికీ 'మీకు బాగా వచ్చు గదరా' అని మాదిగ తమ్ముళ్ళ మెళ్ళో డప్పు వేసింది మేమే. భేదం లేదని రాసిన చేత్తోనే.

కాగితం మళ్ళీ రాద్దామన్నాం. ఈసారి ముగ్గురం కాదు, వచ్చినవాళ్ళంతా కూచున్నాం. ఒక్కో వాక్యం చదవడం, ప్రతివాడూ మాట్లాడేదాకా ముందుకి పోకపోవడం - అదొక్కటే నియమం. మూడోరోజు లేడీస్ హాస్టల్ చెల్లెలొకామె అడిగింది: 'రాత్రి పదింటికి మగపిల్లల హాస్టల్లో మీటింగు పెట్టి, ఆడవాళ్ళు రావట్లేదంటే ఎట్టా అన్నా?' మీటింగు సాయంత్రం నాలుగింటికి, చెట్టు కిందికి మారింది. అంతవరకూ మా కాగితంలో ఆడమనిషి ఊసే లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. అంతకుముందు తాగే చెరువు నీళ్ళు పాడుచేయొద్దని అడ్డపడి బిందె ఎత్తింది మాదిగ ఆడపడుచు మున్నంగి సువార్త. ఆ పోరాటం గురించి ఊళ్ళు తిరిగి చెప్పినవాళ్ళం, ఆ బిందె పట్టిన చేతిని మర్చిపోయాం.

నీళ్ళ మాట వచ్చేసరికి నాకు మా పల్లె బావి గుర్తొచ్చింది. అది ఊరివాళ్ళు తోడనీయక మావాళ్ళు తవ్వుకున్న బావి. మాదిగ ఆడవాళ్ళు దాని గట్టు ఎక్కేవాళ్ళు కాదు. మా నాయనమ్మ చేద పైకెత్తి వాళ్ళ బిందెలో పోసేది. చిన్నప్పుడు దాన్ని దయ అనుకున్నాను. అందరి ముందూ ఆ సంగతి చెప్పాను. ఎవరూ నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. రెల్లి తమ్ముడొకడు మాత్రం 'మాకు ఆ పోసేవాళ్ళు కూడా లేరన్నా' అన్నాడు. ఆ వాక్యం దగ్గర మాలా మాదిగా ఇద్దరమూ తలొంచుకున్నాం.

పదకొండోరోజు నాలుగో వాక్యం కొట్టేశాం. దాని బదులు రాసుకున్నది: 'మనలో భేదం ఉంది. దాన్ని దాచం. ఎవరు ఎక్కువ అణిగి ఉన్నారో వాళ్ళ మాట ముందు వింటాం.' కింద మరొకటి: పదవులు ఏటా మారాలి, డప్పు అందరూ నేర్చుకోవాలి. మరుసటేడు జయంతికి నేను కొట్టాను. తాళం తప్పింది. నవ్వారు. నేనూ నవ్వాను.

అంతా సుఖాంతం అని చెప్పను. కొందరు మాలలు సంఘం మానేశారు. రిజిస్టర్లో పేరు రాసుకున్న తమ్ముడు దండోరాలోకి పోయాడు. పోతూ, 'కాగితం బాగుందన్నా, సీట్ల లెక్క దగ్గర నిలబడుద్దో లేదో చూడాలి' అన్నాడు. 1997లో ప్రభుత్వం పదిహేను శాతాన్ని నాలుగు గ్రూపులు చేసింది. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి చెల్లుతుందని చెప్పింది. ఈ ముప్పై ఏళ్ళలో మావాళ్ళు వర్గీకరణ మీద తిట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ తమ్ముడి మాటే వినపడింది. చుండూరు కేసులో 2007లో పడ్డ శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. అప్పుడు వీధిలోకి రావలసినవాళ్ళం ఎంతమందిమి కలిసి వచ్చాం? చీల్చింది దండోరా అన్నారు మావాళ్ళు. కాదు. చీలిక మా బావిగట్టు మీద ఎప్పుడో ఉంది. దండోరా వేసి చెప్పారంతే.

ఇవాళ ఏదో కాలేజీలో సంఘం కడుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆశయాలు రాసుకోండి. రాసేముందు గదిలో ఎవరున్నారో లెక్కపెట్టుకోండి. రానివాళ్ళు ఎందుకు రాలేదో వాళ్ళ దగ్గరికే పోయి అడగండి. 'అందరం ఒక్కటే' అని రాయాలనిపిస్తే కలం కిందపెట్టి, డప్పు ఎవరి మెళ్ళో ఉందో చూడండి.